బొమ్మ కింద పేరు

అనగనగా ఓ అరటిపండు. దాన్ని తెచ్చి తెల్లటి గోడకు వెండిరంగు టేపుతో అతికించారు. అంతే! అక్కడితో పని అయిపోయింది. ధర ఎంతో తెలుసా? 1,20,000 డాలర్లు.

ఇది కట్టుకథ కాదు. 2019 డిసెంబరులో అమెరికాలోని మయామీ బీచ్‌లో జరిగిన ‘ఆర్ట్ బాసెల్’ చిత్రకళా సంతలో, పెరోటిన్ అనే ఫ్రెంచ్ గ్యాలరీ తన స్టాల్‌లో పెట్టిన కళాఖండం అది. కళాకారుడి పేరు మౌరిజియో కాటెలాన్. ఇటలీవాసి. పండుకు పెట్టిన పేరు ‘కమెడియన్’. సంత ముగియకముందే మరో కళాకారుడు వచ్చి అందరూ చూస్తుండగా టేపు ఊడదీసి, తొక్క ఒలిచి, దర్జాగా తినేశాడు. గ్యాలరీ వాళ్లు ఏం చేశారు? ఇంకో పండు తెచ్చి అతికించారు. ఎందుకంటే వాళ్లు అమ్మింది పండును కాదు. ‘ఇది ఫలానా కళాకారుడి ఆలోచన’ అని రాసి ఉన్న కాగితాన్ని. ఆ కాగితమే ధ్రువపత్రం. అది ఎవరి దగ్గరుంటే కళాఖండం వాళ్లది. పండు ఎన్నిసార్లు కుళ్లినా ఫర్వాలేదు, మార్చుకోవచ్చు.

కథ అక్కడితో ఆగలేదు. 2024 నవంబరులో అదే కళాఖండం న్యూయార్క్‌లో సోథ్‌బీస్ వేలానికి వచ్చింది. 62 లక్షల డాలర్లు పలికింది. మన లెక్కలో 50 కోట్ల రూపాయలు పైమాటే. ఆ రోజు గోడకు అతికించిన పండును వేలంశాల బయట బండి మీద కొనుక్కొచ్చారు. 35 సెంట్లకు! అమ్మింది బంగ్లాదేశ్ నుంచి వలస వెళ్లిన ఓ ముసలాయన. తన పండు ఎంతకు పోయిందో విలేకరులు చెబితే ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడట.

నవ్వొచ్చే కథే. కానీ కాస్త ఆలోచిస్తే అందులో ఓ చేదు నిజం ఉంది. పండు ఒకటే. పేరు ఉన్నచోట 50 కోట్లు. పేరు లేనిచోట 35 సెంట్లు. చిత్రకళా సంత మొత్తం నడిచేది ఈ ఒక్క సూత్రం మీదే. మన ఉత్తర తెలంగాణకూ ఆ సూత్రంతో చాలా దగ్గరి సంబంధం ఉంది.

సంత అంటే సంతే

చెన్నూరు లాంటి ఊళ్లో ‘ఆర్ట్ ఫెయిర్’ ముచ్చట ఎత్తితే వింతగానే ఉంటుంది. మంచిర్యాల నుంచి ముప్పావుగంటో గంటో ప్రయాణం. ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లా, 2016 నుంచి మంచిర్యాల జిల్లా. తూర్పుకు పారాల్సిన గోదావరి ఇక్కడ ఉత్తరానికి మళ్లుతుంది కాబట్టి ‘ఉత్తరవాహిని’ అని పుణ్యస్నానాలకు వస్తారు. అగస్త్యేశ్వరాలయానికి మొక్కుతారు. ఇలాంటి ఊరికీ, ఎక్కడో స్విట్జర్లాండ్‌లో జరిగే బొమ్మల సంతకూ ఏమిటి లింకు?

ముందు ఆ సంత ఏమిటో చూద్దాం. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ అనే ఊళ్లో ముగ్గురు గ్యాలరీ యజమానులు కలిసి 1970లో మొదలుపెట్టారు. మొదటి ఏడాది 10 దేశాల నుంచి 90 గ్యాలరీలు వచ్చాయి. చూడ్డానికి 16 వేల మంది వచ్చారు. ఇప్పుడు ఒక్క బాసెల్‌లోనే 290 దాకా గ్యాలరీలు కొలువుదీరుతున్నాయి. మయామీ బీచ్, హాంకాంగ్, పారిస్... ఇలా శాఖలు కూడా పెరిగాయి. మన దేశంలో అలాంటిది 2008 ఆగస్టులో ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో మొదలైంది. అప్పుడు దాని పేరు ‘ఇండియా ఆర్ట్ సమిట్’. వచ్చిన గ్యాలరీలు 34. తరవాత ‘ఇండియా ఆర్ట్ ఫెయిర్’ అయింది, ఓఖ్లాకు మారింది. 2025లో అక్కడ 120 స్టాళ్లు వెలిశాయి. బంజారాహిల్స్‌లో 2002లో పుట్టిన కళాకృతి లాంటి హైదరాబాద్ గ్యాలరీలు కూడా అక్కడ స్టాల్ పెట్టాయి.

పేర్లు ఎంత గొప్పగా ఉన్నా లోపల జరిగేది మన అంగడి లెక్కే. గ్యాలరీ ముందు దరఖాస్తు చేసుకోవాలి. ఓ కమిటీ దాన్ని పరిశీలిస్తుంది. ఒప్పుకుంటే చదరపు మీటరుకు ఇంత అని అద్దె కట్టాలి. బొమ్మల్ని చెక్కపెట్టెల్లో ప్యాక్ చేయించాలి. బీమా, రవాణా, విదేశమైతే కస్టమ్స్, సిబ్బందికి బస, భోజనం. ఇంతా చేస్తే సంత ఉండేది నాలుగైదు రోజులు. అందులోనూ మొదటి రోజు మామూలు జనానికి ప్రవేశం ఉండదు. పెద్ద కొనుగోలుదారులకూ, మ్యూజియం వాళ్లకూ ముందు చూపిస్తారు. అసలు బేరాలు చాలావరకు ఆరోజే ముగుస్తాయి. మనం టికెట్టు కొనుక్కుని వెళ్లేసరికి కొన్ని బొమ్మల పక్కన ఎర్రచుక్క కనిపిస్తుంది. అమ్ముడుపోయిందని అర్థం.

మరి ఈ ఖర్చంతా ఎక్కడి నుంచి వస్తుంది? అమ్మిన ధరలోంచే. గ్యాలరీ వాటా సాధారణంగా మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది. ‘సగమా? దోపిడీ!’ అనిపిస్తుంది. గ్యాలరీ సరిగ్గా పనిచేస్తే మాత్రం అది దోపిడీ కాదు. కళాకారుడి గురించి రాయించడం, పుస్తకం వేయించడం, మ్యూజియం వాళ్లకు చూపించడం, ధర ఒక్కసారిగా ఎగరకుండా, పడిపోకుండా కాపాడటం... ఇవన్నీ దాని పనులే. ఒక్క మాటలో చెప్పాలంటే గ్యాలరీ చేసేది పేరును పెంచడం. అది చేయకుండా గోడ మాత్రమే అద్దెకిచ్చి సగం తీసుకుంటే, అప్పుడు దోపిడీయే.

అన్నారం నుంచి ఒకరు, బూరుగుపల్లి నుంచి ఇంకొకరు

ఇక మనవాళ్ల సంగతికి వద్దాం. ఆధునిక భారతీయ చిత్రకళ అనగానే 1947లో బొంబాయిలో పుట్టిన ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపును చెబుతారు. హుస్సేన్, రజా, సూజా అందులోని వాళ్లే. అంతకు ఆరేళ్ల ముందే, 1941లో, అదే బొంబాయిలో కొందరు కుర్రాళ్లు జట్టుకట్టి ‘పాత దారిలో నడవం’ అని ప్రకటించారు. వాళ్లను ‘యంగ్ టర్క్స్’ అనేవారు. ఆ జట్టులో ముందున్నది మన కరీంనగర్ జిల్లావాసి. పాకాల తిరుమల్ రెడ్డి. కళాలోకానికి పి.టి.రెడ్డి. 1915లో అన్నారం గ్రామంలో పుట్టి, బొంబాయి జె.జె.స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివారు. తరవాత హైదరాబాద్‌లో స్థిరపడి 1996లో కన్నుమూసేదాకా గీస్తూనే ఉన్నారు. ఆయన భార్య పాకాల యశోదారెడ్డి. తెలంగాణ పల్లె నుడికారాన్ని కథల్లోకి తెచ్చిన రచయిత్రి. ఒకే ఇంట్లో ఒకరిది కుంచె, ఒకరిది కలం.

ఇంతటి మనిషి పేరు కరీంనగర్ వీధుల్లో అడిగితే ఎంతమంది చెబుతారు? జాతీయస్థాయి చరిత్రల్లో కూడా 1947 వాళ్లకు దక్కినంత చోటు 1941 వాళ్లకు దక్కలేదు. ప్రతిభ తేడా ఒక్కటే దానికి కారణం కాదు. వాళ్ల కాలంలో ఆ పేరును భుజాన వేసుకుని ఊరూరా, దేశదేశాలా మోసే గ్యాలరీల వ్యవస్థ మన దగ్గర లేదు. హైదరాబాద్‌లో కూర్చుని గీసేవాళ్లకైతే మరీ లేదు.

రెండో మనిషి తోట వైకుంఠం. 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. ఊళ్లోకి నాటక బృందాలు వస్తే కళ్లప్పగించి చూసేవారు. ఆడవేషం వేసిన మగవాళ్ల ముఖాల మీది రంగులు ఆయన మనసులో ఉండిపోయాయి. హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివి, బరోడా వెళ్లి కె.జి.సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. తిరిగొచ్చాక ఏం గీయాలో తెలిసింది. సొంత ఊరు. నల్లని మేను, ముఖాన పెద్ద కుంకుమబొట్టు, ముక్కుపుడక, ఎర్రంచు చీర, కొప్పులో పూలు. అచ్చం మన అమ్మమ్మలు, మేనత్తలు. పసుపు, కుంకుమ, ఆకుపచ్చ... మన పండుగరోజు కనిపించే రంగులే ఆయన రంగులు. బి.నర్సింగరావు తీసిన ‘దాసి’ సినిమాకు కళా దర్శకుడిగా జాతీయ అవార్డు అందుకున్నారు. 1993లో కేంద్ర లలిత కళా అకాడమీ జాతీయ పురస్కారం వచ్చింది.

ఒకప్పుడు ‘నల్లగా ఉంది, నాటుగా ఉంది’ అనిపించుకున్న పల్లెటూరి ఆడమనిషి ఇప్పుడు పెద్ద పెద్ద డ్రాయింగ్ రూముల్లో కొలువుదీరింది. హోటళ్ల గోడలెక్కింది. విదేశీ వేలంశాలలకు వెళ్లింది. వైకుంఠం బొమ్మను పది అడుగుల దూరం నుంచి చూసినా, సంతకం చూడకుండానే ‘ఇది ఆయనదే’ అని చెప్పేయొచ్చు. కళాకారుడి పేరు అంటే అసలు అర్థం అదే. కింద రాసుకున్న అక్షరాలు కావు, గీతలో కనిపించే మనిషి.

పేరు లేని చేతులు

ఇప్పుడు నాణేనికి రెండోవైపు. చెన్నూరు నుంచి గోదావరికి ఎగువన నిర్మల్. తెల్ల పొణికి చెక్కను చెక్కి, పండ్లు, పక్షులు, జంతువులు చేసే నకాషీ కళాకారుల ఊరు. నల్లటి పలక మీద బంగారు రంగు తళుక్కుమనే నిర్మల్ చిత్రాలు కూడా అక్కడివే. మన ఇళ్లలో పెళ్లికో గృహప్రవేశానికో వచ్చిన నిర్మల్ పెయింటింగ్ ఒకటి ఉండే ఉంటుంది. ఒక్కసారి దాన్ని దించి చూడండి. ‘నిర్మల్’ అని ఉంటుంది. గీసిందెవరో ఉంటుందా?

ఇంకొంచెం పైకి, అడవుల్లోకి వెళితే ఉషేగాం, కేస్లాగూడ. ఓజా కళాకారుల పల్లెలు. వాళ్లది డోక్రా పని. మట్టితో ముద్ద చేసి, దాని మీద సన్నటి మైనపు తీగల్ని దారంలా చుట్టి రూపం తెస్తారు. పైన మళ్లీ మట్టి పూస్తారు. కొలిమిలో పెడితే మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టి పగలగొడితే బొమ్మ బయటికొస్తుంది. అచ్చు పగిలిపోతుంది కాబట్టి ఏ రెండు బొమ్మలూ ఒకేలా ఉండవు. మొహంజొదారోలో దొరికిన నాట్యగత్తె బొమ్మను పోతపోసింది కూడా ఈ మైనపు పద్ధతిలోనే. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ప్రతి బొమ్మా ఒక్కటే ప్రతి. చేతిపని. వేల ఏళ్ల నాటి పద్ధతి. పాశ్చాత్య గ్యాలరీలో శిల్పాన్ని అమ్మేటప్పుడు గొప్పగా చెప్పుకునే లక్షణాలన్నీ ఇందులో ఉన్నాయి. అయినా ఎగ్జిబిషన్‌లో మనలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న ‘ఎంత బరువుంది?’ రెండోది ‘ఎంతకిస్తావు?’ ‘నీ పేరేమిటి?’ అన్నది మూడో ప్రశ్నగా కూడా రాదు.

భౌగోళిక గుర్తింపు మంచిదే. నకిలీల నుంచి ఊరి పేరును అది కాపాడుతుంది. కానీ అది ఊరికి వచ్చే పేరు, మనిషికి కాదు. చేయి తిరిగిన హస్తకళాకారులకు కేంద్రం 1965 నుంచి జాతీయ అవార్డులు ఇస్తోంది. అవి అందుకున్నవాళ్లు గుప్పెడు మంది. మిగతావాళ్లంతా ‘కళాకారుడు’ కాక ‘పనివాడు’గానే మిగిలిపోతున్నారు.

జన్‌గఢ్ కథ

ఈ గోడ ఎప్పుడూ బద్దలు కాలేదా? ఒకసారి అయింది. దాన్ని బద్దలు కొట్టినవాడు ప్రధాన్ గోండు. ఆదిలాబాద్‌లోనూ ప్రధాన్లు ఉన్నారు. కిక్రీ వాయిస్తూ గోండుల దేవతల కథలు, వంశాల కథలు పాడేవాళ్లు. ఆ తెగలోనే మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్‌లో పుట్టినవాడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్. 1980ల మొదట్లో భోపాల్ భారత్ భవన్ కోసం ఊరూరా తిరుగుతున్న చిత్రకారుడు జె.స్వామినాథన్ బృందం కంటికి అతడు గోడ మీద గీసిన బొమ్మ పడింది. భోపాల్ రమ్మన్నారు. పాటలో ఉన్న దేవతలు కాగితం మీదికి వచ్చారు. చుక్కలు, గీతలతో నిండిన జింకలు, పక్షులు, చెట్లు. అంతకుముందు ఎవరూ అలా గీయలేదు. 1989లో పారిస్‌లో ‘మెజీషియన్స్ ఆఫ్ ది ఎర్త్’ అనే అర్థం వచ్చే ప్రఖ్యాత ప్రదర్శనలో ప్రపంచ కళాకారుల పక్కన అతడి బొమ్మలు నిలిచాయి. ‘గోండు కళ’ అన్న గుంపు పేరు వెనకపడి, ‘జన్‌గఢ్’ అన్న మనిషి పేరు ముందుకొచ్చింది.

ఆ పేరు అతణ్ని కాపాడలేకపోయింది. 2001లో జపాన్‌లోని ఓ మ్యూజియంలో ఉండి బొమ్మలు గీయడానికి వెళ్లాడు. జూలైలో అక్కడే తన ప్రాణం తానే తీసుకున్నాడు. అప్పటికి దాదాపు నలభై ఏళ్లు. తక్కువ జీతానికి, ఇంటికి దూరంగా, ఒంటరిగా గడిపాడన్న వార్తలు ఇక్కడి కళాకారుల్ని కుదిపేశాయి. తొమ్మిదేళ్ల తరవాత, 2010లో, సోథ్‌బీస్ న్యూయార్క్ వేలంలో అతడి చిత్రం ఒకటి 31,250 డాలర్లకు పోయింది.

ఆ పేరు చూసి అతడి బంధువులు, ఊరివాళ్లు ఎందరో కుంచె పట్టారు. భజ్జూ శ్యామ్ లండన్ వెళ్లి ఓ రెస్టారెంట్ గోడలకు బొమ్మలు వేశాడు. ఆ అనుభవాన్ని చెన్నైకి చెందిన తారా బుక్స్ 2004లో ‘ది లండన్ జంగిల్ బుక్’గా ప్రచురించింది. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు ఢిల్లీ సంతలో గోండు చిత్రాలకు విడిగా గోడలున్నాయి, కింద గీసినవాళ్ల పేర్లున్నాయి. పాటన్‌గఢ్‌కు జరిగింది ఉషేగాంకు ఎందుకు జరగలేదు? ప్రతిభ లేక కాదు. ‘నీ పేరేమిటి?’ అని అడిగిన స్వామినాథన్ ఒకరు ఇటు రాలేదు, అంతే.

అమ్మేశాక ఏమవుతుంది?

పేరు ఉంటే సరిపోతుందా అంటే అదీ కాదు. హుస్సేన్ 1954లో గీసిన ‘గ్రామయాత్ర’ను అప్పట్లో ఓ నార్వే వైద్యుడు కొన్నాడు. దాదాపు 1,400 రూపాయలకు. ఆయన దాన్ని ఓస్లోలోని ఆస్పత్రికి ఇచ్చేశాడు. 2025 మార్చిలో క్రిస్టీస్ వేలంలో అది 1.37 కోట్ల డాలర్లకు, అంటే 118 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయింది. వచ్చిన డబ్బుతో ఆస్పత్రి వైద్యులకు శిక్షణ ఇస్తామంది. మంచి మాటే. కానీ గీసిన చేతికి దక్కింది ఆ మొదటి ధరే.

దీనికి విరుగుడు కొన్ని దేశాల్లో ఉంది. బొమ్మ మళ్లీ అమ్ముడుపోయిన ప్రతిసారీ కళాకారుడికో, వారసులకో కొంత వాటా ఇవ్వాలన్న చట్టాన్ని ఫ్రాన్స్ 1920లోనే తెచ్చింది. మన దేశంలో కూడా ఉందంటే ఆశ్చర్యపోతారు! కాపీరైట్ చట్టంలోని 53ఎ సెక్షన్ అదే. మళ్లీ అమ్మిన ధర పది వేల రూపాయలు దాటితే గీసినవాళ్లకు వాటా అడిగే హక్కుంది. అది పది శాతానికి మించకూడదు. కాగితం మీద ఉన్న ఈ హక్కును అడిగి పుచ్చుకున్నవాళ్లు అరుదు. బొమ్మ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో గీసినవాళ్లకు తెలిస్తే కదా అడగడానికి! అందుకే లెక్క రాసుకోవడం ముఖ్యం. ఏ బొమ్మ, ఏ ఏడాది, ఎంత సైజు, ఎవరికి, ఎంతకు... ఓ నోట్‌బుక్, ఒక్కో బొమ్మకు ఒక ఫొటో. అంతకు మించి ఖర్చు లేదు. రేపు నకిలీ బయటపడితే సాక్ష్యం కూడా ఆ నోట్‌బుక్కే.

ఇంట్లో గీసే పిల్లలుంటే...

చెన్నూరులోనో, బెల్లంపల్లిలోనో, మంథనిలోనో నోట్‌బుక్ చివరి పేజీలన్నీ బొమ్మలతో నింపే పిల్లలు ప్రతి బడిలో ఉంటారు. ‘బొమ్మలు కూడు పెడతాయా?’ అని గదమాయించే ముందు తల్లిదండ్రులు కొన్ని సంగతులు తెలుసుకోవాలి. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు డ్రాయింగ్ టీచరు ఉద్యోగం వైపు దారి. పూర్తిస్థాయి చిత్రకారుడు కావాలంటే ఇంటర్ తరవాత ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ ఉంది. వైకుంఠం చదివిన కాలేజీయే ఇప్పుడు హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో భాగం. ప్రవేశపరీక్ష రాయాలి. పీజీకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ ఉంది. యానిమేషన్, డిజైన్, సినిమా కళాదర్శకత్వం... బతకడానికి దారులు ఒకప్పటికన్నా ఎక్కువే.

గ్యాలరీ తలుపు తట్టే రోజు వస్తే అడగాల్సిన ప్రశ్నలు కూడా ఉన్నాయి. కమీషన్ ఎంత? అమ్మాక ఎన్ని రోజుల్లో డబ్బిస్తారు? అమ్ముడుపోని బొమ్మను ఎప్పుడు, ఎవరి ఖర్చుతో వెనక్కి పంపుతారు? దారిలో పాడైతే ఎవరిది బాధ్యత? కొన్నవాళ్ల వివరాలు చెబుతారా? ఇవన్నీ కాగితం మీద ఉండాలి. ‘సంతలో స్టాల్ ఇప్పిస్తాం, ముందు నువ్వే డబ్బు కట్టు’ అనేవాళ్ల దగ్గర మరింత జాగ్రత్త. పేరున్న గ్యాలరీ అద్దె తనే భరిస్తుంది, అమ్మిన ధరలో వాటా తీసుకుంటుంది.

ఇక కొనేవాళ్లు... అంటే మనం. లక్షలు పెట్టక్కర్లేదు. 2025 సెప్టెంబరు నుంచి చిత్రాలు, శిల్పాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. ఈసారి నిర్మల్ వెళ్లినా, శిల్పారామంలో డోక్రా ఏనుగు కొన్నా, బేరం అయ్యాక చేసినవాళ్ల పేరు, ఊరు అడిగి బిల్లు వెనక రాయించుకోండి. ఇంటికొచ్చిన చుట్టాలు ‘ఎక్కడ కొన్నారు?’ అంటే ఊరి పేరుతో పాటు మనిషి పేరూ చెప్పండి. పేరు అనేది అలా నలుగురి నోళ్లలో నానితేనే పెరుగుతుంది. వైకుంఠం పేరైనా మొదట్లో అలా పెరిగిందే.

పిల్లలకు నేర్పాల్సింది కూడా అక్కడి నుంచే మొదలు. బొమ్మ బాగుందని మెచ్చుకుని ఊరుకోకండి. కింద కుడివైపు మూలన చిన్నగా పేరు రాయమనండి. పక్కనే ఏడాది. వీలైతే ఊరు కూడా... చెన్నూరు అని.